షేర్ పర్మిషన్లలో ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చి, మిగతాదంతా ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి వదిలేయొచ్చా?

కొత్త_అడ్మిన్:
పాత ఫైల్ సర్వర్ నుంచి కొత్త విండోస్ సర్వర్‌కి షేర్లన్నీ (నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే ఫోల్డర్లు) మారుస్తున్నాం. ఈసారి మౌస్‌తో కాకుండా అంతా స్క్రిప్ట్‌తోనే చేయాలనుకున్నాం. ఇదివరకటి బ్యాచ్ ఫైల్ తెరిచి చూస్తే, షేర్‌ని తయారుచేసే నెట్ షేర్ కమాండ్ ఉన్న ప్రతి లైన్లోనూ ఎవ్రీవన్‌కి ఫుల్ అని ఉంది. ఆ కింద ఐక్యాకల్స్ అనే కమాండ్‌తో ఫోల్డర్ల మీద డిపార్ట్‌మెంట్ గ్రూపులకి హక్కులు ఇచ్చారు. ఆడిట్‌వాళ్లు ఆ ఎవ్రీవన్ ఫుల్ తీసేయమంటున్నారు. మా సీనియర్ ఏమో అందులో తప్పేమీ లేదు, అసలు కాపలా ఎన్‌టీఎఫ్‌ఎస్ (డిస్క్ మీద ఫైళ్లకీ ఫోల్డర్లకీ నేరుగా ఉండే హక్కులు) దగ్గర ఉంది అంటున్నారు. ఇద్దరి మధ్య నలిగిపోతున్నాను. మీరేమంటారు?

తీగలపని:
మీ సీనియర్ మాటే కరెక్టండి. నెట్‌వర్క్ మీదుగా వచ్చేవాళ్లకి షేర్ పర్మిషన్, ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్ రెండూ చూస్తుంది విండోస్. రెండిట్లో ఏది బిగుతుగా ఉంటే అదే చెల్లుతుంది. సర్వర్ మీదే లాగిన్ అయినవాళ్లకి షేర్ పర్మిషన్ అసలు లెక్కలోకే రాదు. కాబట్టి ఎప్పుడూ పనిచేసే కాపలా ఎన్‌టీఎఫ్‌ఎస్ ఒక్కటే.

షేర్ దగ్గర ఉన్నవి రీడ్, చేంజ్, ఫుల్ అనే మూడే మెట్లు. వాటితో డిపార్ట్‌మెంట్ల వారీగా నియంత్రణ చేయబోతే చిక్కులే. పైగా ఆ జాబితా ఉండేది సర్వర్ రిజిస్ట్రీలో. ఫైళ్లు కాపీ చేసే రోబోకాపీ కమాండ్‌కి సెక్యూరిటీ స్విచ్ ఇస్తే ఎన్‌టీఎఫ్‌ఎస్ హక్కులు ఫైళ్లతో పాటు వస్తాయి, షేర్ హక్కులు రావు. రేపు ఎవరో "యాక్సెస్ డినైడ్" అని ఫోన్ చేస్తే రెండు చోట్ల వెతకాలి. ఒకే ఫోల్డర్‌కి రెండు షేర్లుంటే మూడు చోట్ల. షేర్ ఫుల్‌గా వదిలేసి, ఐక్యాకల్స్ ఒక్కదాన్నీ శ్రద్ధగా చూసుకోండి.

హక్కులచిట్టా:
తీగలపని గారు చెప్పినవన్నీ నిజాలే, కానీ ముగింపుతో నేను ఏకీభవించను. ఈ చర్చలో ఎప్పుడూ మరుగున పడే విషయం ఒకటుంది. ఫైల్ సృష్టించినవాళ్లే దాని ఓనర్ అవుతారు. హక్కుల జాబితాలో ఏం రాసున్నా, దాన్ని చదివే హక్కు, మార్చే హక్కు విండోస్‌లో ఓనర్‌కి పుట్టుకతోనే వస్తాయి.

దీని ఫలితం చూడండి. అకౌంట్స్ గ్రూపుకి మీరు ఐక్యాకల్స్‌లో మాడిఫై (చదవడం, రాయడం, తుడిచేయడం) మాత్రమే ఇచ్చారు. ఫుల్ ఇవ్వలేదు కాబట్టి వాళ్లు పర్మిషన్లు మార్చలేరని మీ ధీమా. ఆ గ్రూపులో ఒకరు కొత్త ఫోల్డర్ తెరిచారు. దానికి ఓనర్ వాళ్లే. ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఇన్‌హెరిటెన్స్ (పై ఫోల్డర్ నుంచి హక్కులు దిగి రావడం) తెంపేసి, తమ పేరు తప్ప మిగతావన్నీ తీసేయగలరు. మేనేజర్‌కి కనబడదు. అడ్మిన్ గ్రూపునీ తీసేస్తే మీరే టేకోన్ కమాండ్‌తో ఓనర్‌షిప్ తీసుకుని లోపలికి పోవాలి. లేదంటే దీనికి పూర్తి వ్యతిరేకంగా: జీతాల ఫోల్డర్‌ని ఎవ్రీవన్‌కి తెరిచిపెట్టగలరు. కావాలని చేయాల్సిన పని లేదు, పక్కవాళ్లకి ఫైల్ ఇవ్వాలన్న తొందర చాలు.

ఇదంతా నెట్‌వర్క్ మీదుగా జరగాలంటే షేర్ దగ్గర ఫుల్ ఉండాలి. అక్కడ చేంజ్ మాత్రమే ఉంటే చదవొచ్చు, రాయొచ్చు, తుడిచేయొచ్చు. పర్మిషన్ మార్చడం, ఓనర్‌ని మార్చడం మాత్రం కుదరదు. ఓనర్ అయినా సరే. రీడ్, చేంజ్, ఫుల్ అని మూడే మెట్లు ఉన్నాయని తీసిపారేశారు గానీ, చేంజ్‌కీ ఫుల్‌కీ మధ్య తేడా సరిగ్గా ఇదే. మనకి కావాల్సిందీ ఇదే.

డిపార్ట్‌మెంట్ల వారీ జాబితా షేర్ దగ్గర పెట్టమని నేనూ అనను. అక్కడ రెండే లైన్లు: ఆథెంటికేటెడ్ యూజర్స్‌కి (తమ గుర్తింపు రుజువు చేసుకుని లాగిన్ అయినవాళ్లకి) చేంజ్, అడ్మిన్లకి ఫుల్. అన్ని షేర్లకీ ఒకటే కాబట్టి వెతుక్కునే బాధా ఉండదు.

తీగలపని:
ఓనర్ సంగతి నాకు తెలియక కాదండి. దానికి విండోస్‌లోనే మందు ఉంది: ఓనర్ రైట్స్ అనే ప్రత్యేక గుర్తింపు, ఎస్-1-3-4. విస్టా, సర్వర్ 2008 కాలం నుంచి ఉంది. షేర్‌లో అన్నిటికన్నా పైనున్న ఫోల్డర్ మీద ఐక్యాకల్స్‌తో దానికి మాడిఫై ఇచ్చి, ఓఐ (కింది ఫైళ్లకి), సీఐ (కింది ఫోల్డర్లకి) గుర్తులతో కిందికి పారిస్తే చాలు. ఓనర్‌కి పుట్టుకతో వచ్చే ఆ రెండు హక్కులూ పోయి, మనం రాసిందే మిగులుతుంది. సమస్య పుట్టిన చోటే తీరుతుంది. సర్వర్ మీద రిమోట్ డెస్క్‌టాప్‌తో పనిచేసేవాళ్లకీ వర్తిస్తుంది. షేర్ దగ్గర మీరు పెట్టే చేంజ్ అక్కడ ఎవరినీ ఆపలేదు, షేర్ అక్కడ లెక్కలోకే రాదు కాబట్టి.

హక్కులచిట్టా:
రిమోట్ డెస్క్‌టాప్ మాట ఒప్పుకుంటాను, అక్కడ మీ పద్ధతే పనికొస్తుంది. కానీ ఆ లైన్ ఇన్‌హెరిటెన్స్ మీద ఆధారపడి ఉంది. కింద ఎక్కడో ఒక ఫోల్డర్‌కి ఎవరో అడ్మిన్ ఇన్‌హెరిటెన్స్ ఆర్ స్విచ్‌తో పైనుంచి వచ్చే హక్కులు తీసేసి, కావాల్సిన రెండు గ్రూపులు మాత్రం పెట్టారనుకోండి. ఓనర్ రైట్స్ లైన్ అక్కడితో ఆగిపోతుంది. ఆ కింద పాత హక్కులు తిరిగొస్తాయి, ఎవరికీ తెలియదు. షేర్ దగ్గరి చేంజ్‌కి ఆ భయం లేదు. లోపల ఎంత లోతున ఏం తెంపినా అది తలుపు దగ్గరే ఉంటుంది. రెండూ పెట్టండి, ఒకదాని కోసం ఇంకోదాన్ని వదులుకోకండి.

లినక్స్_గడప:
సాంబా (లినక్స్‌లో విండోస్ తరహా షేర్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్) వైపు నుంచి ఒక మాట. అక్కడా రెండు పొరలే: కాన్ఫిగ్ ఫైల్లోని షేర్ నియమాలు, కింద ఫైల్ సిస్టమ్ హక్కులు. రెండూ ఒప్పుకుంటేనే పని. సాంబాలో షేర్ ఏమీ చెప్పకపోతే రీడ్ ఓన్లీ. రాయాలంటే మనం నోరు తెరిచి చెప్పాలి. ఆ జాగ్రత్త నాకు నచ్చుతుంది. కాన్ఫిగ్ మామూలు టెక్స్ట్ ఫైల్ కాబట్టి మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టుకోవచ్చు, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో తెలుస్తుంది. షేర్ పొరని ఖాళీగా వదిలేయడం మాత్రం ఏ సిస్టమ్‌లోనూ మంచి అలవాటు కాదు. చెమోడ్ 777 (లినక్స్‌లో అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే కమాండ్) పెట్టి చేతులు దులుపుకోవడం లాంటిదే అది.

తీగలపని:
777తో పోలిక సరికాదండి. అది అసలు హక్కులనే తెరిచేస్తుంది. నేను చెప్పేదాంట్లో ఎన్‌టీఎఫ్‌ఎస్ పూర్తిగా బిగించే ఉంటుంది.

కొత్త_అడ్మిన్:
ఇప్పుడు అర్థమవుతోంది. ఒక సందేహం: ఎవ్రీవన్ బదులు ఆథెంటికేటెడ్ యూజర్స్ పెడితే నిజంగా తేడా ఉందా, ఆడిట్ కోసమేనా? స్క్రిప్ట్‌లో ఇంకేమైనా చూసుకోవాలా?

హక్కులచిట్టా:
తేడా చిన్నదే, కానీ ఉంది. ఎక్స్‌పీ, సర్వర్ 2003 నుంచి అనామక లాగిన్లు మామూలుగా ఎవ్రీవన్‌లోకి రావు. గెస్ట్ అకౌంట్ తెరిచి ఉంటే అది మాత్రం ఎవ్రీవన్‌లో ఉంటుంది, ఆథెంటికేటెడ్ యూజర్స్‌లో ఉండదు.

ఇక స్క్రిప్ట్. దేన్నైనా ముట్టుకునే ముందు ఐక్యాకల్స్ సేవ్‌తో హక్కులన్నీ ఒక ఫైల్లోకి దాచండి. అందులో ఓనర్ వివరం రాదని గుర్తుంచుకోండి. రిస్టోర్ చేసేటప్పుడు ఆ ఫోల్డర్ పేరు కాకుండా దాని పై ఫోల్డర్ పేరు ఇవ్వాలి, చాలామంది ఇక్కడే తికమకపడతారు. హక్కు ఇచ్చే గ్రాంట్‌తో పాటు టీ స్విచ్ అలవాటుగా కొట్టకండి. పై ఫోల్డర్ మీద ఓఐ, సీఐతో ఇస్తే అదే కిందికి పారుతుంది. టీ కొడితే ప్రతి ఫైల్ మీదా విడి విడి లైన్ పడుతుంది. రేపు ఆ గ్రూపుని పై ఫోల్డర్‌లో తీసేసినా కింద అలాగే ఉండిపోతుంది. గ్రాంట్ తర్వాత కోలన్ ఆర్ పెడితే ఆ గ్రూపుకి ముందు నేరుగా ఇచ్చినవి పోయి కొత్తది వస్తుంది, పెట్టకపోతే పాతవాటికి కలుస్తుంది. ఈ తేడా తెలియక మాడిఫై నుంచి రీడ్‌కి తగ్గించామనుకునేవాళ్లున్నారు. నిజానికి తగ్గదు.

డినై (హక్కు లేదని చెప్పే లైన్) జోలికి వెళ్లకండి. నేరుగా ఇచ్చిన అలౌ, పైనుంచి వచ్చిన డినైని దాటేస్తుంది. డినై పెట్టాం కదా అని నిశ్చింతగా ఉంటే మోసపోతారు.

తీగలపని:
వీటన్నిటికీ నా ఓటు. ఇంకోటి కలుపుతాను: ఐక్యాకల్స్‌లో విండోస్ సొంత గ్రూపుల పేర్లకి బదులు ముందు నక్షత్రం గుర్తు పెట్టి ఎస్ఐడీ నంబర్లు (విండోస్ లోపల ఒక్కో గ్రూపుకి ఉండే గుర్తింపు) వాడండి. అడ్మినిస్ట్రేటర్స్‌కి ఎస్-1-5-32-544. ఇంగ్లీషు కాని విండోస్‌లో ఈ గ్రూపుల పేర్లు వేరుగా ఉంటాయి, స్క్రిప్ట్ అక్కడ ఆగిపోతుంది.

షేర్ విషయంలో హక్కులచిట్టా గారి రెండు లైన్ల పద్ధతికి నాకు పెద్ద అభ్యంతరం లేదు, ఒక్క చోట తప్ప. యూజర్ల డాక్యుమెంట్స్ ఫోల్డర్లని సర్వర్‌కి మళ్లించే షేర్ ఉంటే అక్కడ చేంజ్ పెట్టకండి. యూజర్‌కి మాత్రమే ప్రత్యేక హక్కులు ఇవ్వాలన్న సెట్టింగ్ ఆన్ చేసి ఉంటే, ఫోల్డర్ పుట్టగానే యూజర్ కంప్యూటరే దాని పర్మిషన్లు మార్చాలి. చేంజ్ ఉంటే అది ఫెయిల్ అవుతుంది. మీరు తప్పు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉందనుకుని గంటలు గంటలు వెతుకుతారు.

హక్కులచిట్టా:
ఇది మంచి మాట. ఆ షేర్‌ని విడిగా పెట్టి అక్కడ ఫుల్ ఇవ్వండి, ఎందుకిచ్చామో స్క్రిప్ట్‌లో కామెంట్‌గా రాయండి. ఆడిట్‌వాళ్లు అడిగితే అదే చూపించొచ్చు.

కొత్త_అడ్మిన్:
డాక్యుమెంట్స్ షేర్ మాకూ ఉంది. దాన్ని వేరు చేసి, మిగతావాటికి చేంజ్ పెడుతున్నాను. ముందు సేవ్ ఫైల్ తీసి, టెస్ట్ యూజర్‌తో ఫోల్డర్ తెరిచి పర్మిషన్ మార్చగలుగుతున్నానో లేదో చూసి, ఫలితం ఇక్కడే పెడతాను. ఓనర్ రైట్స్ లైన్ కూడా కలుపుతున్నాను, మా అకౌంట్స్‌వాళ్లు సగం మంది రిమోట్ డెస్క్‌టాప్ మీదే ఉంటారు.

తీగలపని:
టెస్ట్ యూజర్‌ని గ్రూపులో చేర్చాక ఒకసారి లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. గ్రూపుల జాబితా లాగిన్ అప్పుడే తయారవుతుంది. లేకపోతే పాత హక్కులతోనే టెస్ట్ చేస్తారు.