కథ నడిపే ఆటల్లో నిర్ణయం ఎవరిది: ఆడేవారిదా, రాసినవారిదా?

పెన్నాతీరం (నెల్లూరు):
ఈ మధ్య వరుసగా మూడు వీడియో ఆటలు పూర్తి చేశాను. ఒకటి ద లాస్ట్ ఆఫ్ అస్ మొదటి భాగం, 2022లో కొత్తగా తీర్చిన రూపం. రెండవది రెడ్ డెడ్ రిడంప్షన్ 2, మూడవది క్లేర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33. ముగింపులు ప్రస్తావించకుండా నా అభ్యంతరం చెప్పలేను కనుక, ఇంకా ఆడనివారు ఇక్కడే ఆగగలరు.

లాస్ట్ ఆఫ్ అస్‌లో శిలీంధ్రం సోకి లోకం పాడైపోయింది. ఆ జబ్బు అంటని ఎల్లీ అనే పిల్లను జోయెల్ దేశం తూర్పు చివర నుంచి పడమర వైపుకు తీసుకువెళ్తాడు. మందు కనిపెట్టాలంటే ఆమె మెదడుకు శస్త్రచికిత్స చేయాలి, చేస్తే ఆమె బతకదు. అప్పుడు జోయెల్ ఆసుపత్రిలో అడ్డొచ్చినవారిని చంపి, స్పృహలో లేని పిల్లను ఎత్తుకుపోతాడు. శస్త్రచికిత్స గదిలో కత్తి పట్టుకుని నిలబడిన వైద్యుణ్ణి చంపితే తప్ప ఆట ముందుకు కదలదు. చాలాసేపు కంట్రోలర్ చేతిలో పట్టుకుని ఊరికే నిలబడ్డాను. ఆ మీట నొక్కింది నా వేలు, కానీ నన్ను అడిగినవారు లేరు. ఎక్స్‌పెడిషన్ 33 అలా చేయలేదు. కథంతా తన దారిన నడిపించినా, చివర అందులోని మాయెల్, వెర్సో అనే ఇద్దరిలో ఎవరి పక్షమని ఆడేవారినే అడిగింది. అడగడమే న్యాయమని నా అభిప్రాయం.

ఒంగోలు గిత్త:
పెన్నాతీరం గారూ, మీ అభిప్రాయాన్ని గౌరవిస్తూనే పూర్తిగా విభేదిస్తున్నాను. మా ప్రాంతంలో తిరునాళ్ళకు పద్యనాటకాలు ఆడించడం ఇంకా ఉంది. హరిశ్చంద్రుడు కాటిలో కత్తి ఎత్తినప్పుడు, వేటు వేయాలా వద్దా అని ప్రేక్షకుల్ని అడిగితే ఆ నాటకానికి అర్థమేముంటుంది? జోయెల్ మొదటి ఘట్టంలోనే సైనికుడి తుపాకికి కన్నకూతుర్ని పోగొట్టుకున్నాడు. అలాంటి మనిషి రెండోసారి మరో పిల్లను పోగొట్టుకోవడానికి ఒప్పుకోడు. ఆ ఘట్టంలో మీకు నిర్ణయం ఇచ్చి ఉంటే జోయెల్ అనే మనిషి మాయమై, మీరు మాత్రమే మిగిలేవారు. మీ వేలు మీట నొక్కుతుంటే మీ మనసు వద్దంటుంది చూడండి, రచయితలు కోరుకున్నది ఆ ఇబ్బందినే. అది ఆటకు తప్ప సినిమాకు సాధ్యం కాదు.

కావలి స్టేషన్:
చిన్న సవరణ. ఆ గదిలో ముగ్గురు ఉంటారు. చంపక తప్పనిది కత్తి పట్టుకున్న ఒక్క వైద్యుణ్ణే. మిగిలిన ఇద్దరినీ వదిలేయవచ్చు. కాబట్టి అక్కడ నిర్ణయం అసలే లేదనడం సరికాదు.

పెన్నాతీరం:
కావలి స్టేషన్ గారూ, ఆ ఇద్దరినీ నేను వదిలేశాను. నా ప్రశ్న మూడవ మనిషి గురించి. ఆయనకు ఒక కూతురుందని, ఆమె పేరు ఆబీ అని 2020లో వచ్చిన రెండవ భాగంలో తెలుస్తుంది. ఆ భాగమంతా నడిచేది ఆ ఒక్క హత్య వల్లనే.

రొయ్యల గుంట (అల్లూరు):
నేను రెడ్ డెడ్ రిడంప్షన్ 2 గురించే మాట్లాడగలను. మిగిలినవి ఆడలేదు. 1899 నాటి కథ అది. ఆర్థర్ మోర్గన్ దోపిడీ ముఠా మనిషి. ముఠాలో స్ట్రాస్ అనే అతను పేదలకు వడ్డీకి అప్పులిచ్చి, వసూలుకు ఆర్థర్‌ను పంపుతాడు. థామస్ డౌన్స్ అనే జబ్బుమనిషిని అతని ఇంటి ముందే, పెళ్ళాం చూస్తుండగా కొట్టాలి. దాన్ని తప్పించుకుని కథ ముందుకు వెళ్ళదు. 1990లలో రొయ్యలకు తెల్లమచ్చ రోగం వచ్చి గుంటలు ఎత్తిపోయినప్పుడు మా నాయన మేత బాకీకి, వడ్డీ బాకీకి ఇంటి ముందు అరుగు మీద తల వంచుకుని కూర్చోవడం నేను చూశాను. వచ్చినవాడు చెయ్యి చేసుకోలేదు గానీ, మోటారుసైకిలు ఇంజను ఆపకుండా దాని మీదనే కూర్చుని వీధంతా వినిపించేలా మాట్లాడాడు. ఆ రోజు నేను అరుగు ఇవతల ఉన్నాను, ఈ ఆట నన్ను అవతల నిలబెట్టింది. అడిగి ఉంటే నేను ఆ పని చేసేవాణ్ణి కాను. చేయించినందుకే ఆ ఆట నాకు గుర్తుండిపోయింది. కనుక నా ఓటు ఒంగోలు గిత్త గారికి.

ఒంగోలు గిత్త:
ధన్యవాదాలు. నేను చెప్పదలచిన దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. దెబ్బలు తింటూ డౌన్స్ ఆర్థర్ ముఖం మీద దగ్గుతాడు, క్షయ అంటుకునేది అక్కడే. ఆ దెబ్బలు ఆడేవారి చేత కొట్టించకపోతే, ఆ తరువాత ఆర్థర్ పడే బాధ మనకు పరాయి మనిషి బాధగానే ఉంటుంది. పెన్నాతీరం గారు ఈ ఆటను కూడా పూర్తి చేశానన్నారు, కానీ దాని మీద ఒక్క ఆరోపణ చేయలేదు. ఇక్కడా బలవంతమే, అక్కడా బలవంతమే. ఒకదాన్ని క్షమించి మరొకదాన్ని తప్పుపట్టడానికి కారణమేమిటో వారు వివరించాలి.

కావలి స్టేషన్:
లైఫ్ ఈజ్ స్ట్రేంజ్ అనే ఆటలో చివర ఊరు కావాలా, స్నేహితురాలు కావాలా అని అడుగుతారు. అడిగినందువల్ల ఒరిగిందేమీ లేదు, అంతకుముందు తీసుకున్న నిర్ణయాలన్నీ ఆ ఒక్క మీటతో పక్కకు పోయాయి.

పెన్నాతీరం:
కారణం ఉంది. సెయింట్ డెనిస్ వీధిలో ఆర్థర్ కుప్పకూలినప్పుడు వైద్యుడు అతన్ని కూర్చోబెట్టి, నీకు వచ్చింది క్షయ అని ముఖం మీదే చెబుతాడు. అక్కడి నుంచి మిగిలిన కాలం ఆర్థర్‌ది. స్ట్రాస్‌ను శిబిరం నుంచి వెళ్ళగొడతాడు. కొందరి బాకీలు మాఫీ చేయాలా వద్దా అన్నది మన చేతికే వదిలారు, డౌన్స్ భార్యకూ కొడుక్కూ సాయం చేయడమూ మన ఇష్టమే. జోయెల్ ఏం చేశాడు? ఎల్లీకి మెలకువ వచ్చాక, నీలాంటివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు, ఆ వైద్యులు మందు ఆశ వదులుకున్నారు అని కారులోనే కట్టుకథ చెప్పాడు. ఊరి పొలిమేరలో ఆమె నిలదీసి ఒట్టు వేయమంటే ఒట్టు కూడా వేశాడు. ఆమె "సరే" అంటుంది, ఆట ముగుస్తుంది. ఆ ఒట్టు కూడా నా చేతే వేయించినట్లు నాకనిపించింది.

ఒంగోలు గిత్త:
చర్చ ఎక్కడికి పోతోందో గమనించారా? మీరు మొదలుపెట్టింది నిర్ణయం ఎవరిదనే ప్రశ్నతో. ఇప్పుడు తప్పుపడుతున్నది జోయెల్ చెప్పిన అబద్ధాన్ని. అవి వేర్వేరు విషయాలు. పద్నాలుగేళ్ళ పిల్లకు "నీ ప్రాణం కోసం ఇంతమందిని చంపాను" అని చెప్పి, ఆ బరువు ఆమె నెత్తిన పెట్టాలా? పక్కన కూర్చుని ఒక మనిషిని కాపాడుకోవలసి వచ్చినవారెవరూ జోయెల్‌ను ఇంత తేలికగా తప్పుపట్టరు. ఆసుపత్రి వరండాలో రాత్రులు గడిపినవారికి తెలుస్తుంది అబద్ధం విలువ.

పెన్నాతీరం:
ఆసుపత్రి వరండా గురించి మీరు నాకు చెప్పనక్కరలేదు. మా అమ్మను చెన్నైలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. పరీక్షల ఫలితం మా మేనమామ చేతికి ఇచ్చారు. ఆయన దాన్ని మడిచి, కడుపులో పుండు, మందులతో తగ్గిపోతుందట అని అమ్మకు చెప్పారు. ఇంటికి వచ్చాక ఆ కవరు బీరువాలో పట్టుచీరల అడుగున పెట్టారు. చెబుదామని నేను నోరు తెరిచినప్పుడల్లా, ఆడపిల్లవు, నీకేం తెలుసు, ప్రాణం తీస్తావా అని నన్ను వంటింట్లోకి పంపేశారు. మా అమ్మకు పొదలకూరులో ఉన్న చెల్లెలితో పొలం గట్టు తగాదా వల్ల ఏళ్ళ తరబడి మాటలు లేవు. ఒళ్ళు కుదుటపడ్డాక నేనే వెళ్ళి మాట్లాడతానులే అనేది. పుండు ఎందుకు తగ్గడం లేదని నన్నే అడిగేది. నేను కూడా "సరే, తగ్గుతుందిలే" అన్నాను. అందుకే గిత్త గారూ, నాకు ఆ రెండూ వేర్వేరు విషయాలు కావు. మనిషికి నిజం చెప్పకపోవడమంటే ఆ మనిషి నిర్ణయాన్ని లాక్కోవడమే. స్పృహ లేని ఎల్లీని జోయెల్ అడగలేదు, అడగబోయామని వైద్యులూ అనలేరు. స్పృహ వచ్చాక అడిగే వీలున్నా, జోయెల్ అడగలేదు.

రొయ్యల గుంట:
అమ్మగారి విషయం విని బాధ కలిగింది. ఇద్దరూ నిదానించగలరు.

ఒంగోలు గిత్త:
బాధ నాకూ కలిగింది. అయినా ఇంతదాకా వచ్చాక నా సంగతీ చెబుతాను. కవరు దాచినవాణ్ణి నేను. మా నాన్నది టంగుటూరు వైపు పొగాకు వ్యవసాయం. ఊపిరితిత్తుల్లో ఏముందో తెలిశాక, నిమ్ము చేసిందని చెప్పాను. ఆ ఏడాది కూడా బ్యారన్ (పొగాకు ఆకు కాల్చే కొట్టం) దగ్గర మంచం వేయించుకుని, ఆకు రంగు తిరిగిందో లేదో తడిమి చూసి, మంట తగ్గించమనీ పెంచమనీ కూలీలకు చెబుతూ కూర్చున్నారు. రాత్రి అన్నం తిన్నారు, నిద్రపోయారు. నిజం చెప్పి ఉంటే ఆ నిద్ర ఆయనకు ఉండేది కాదు. ఆ రాత్రులన్నీ నేను మేలుకున్నాను, ఆయన మేలుకోలేదు. నాకు కావలసింది అదే. రెండవ భాగంలో ఇంటి వసారాలో నిలబడి జోయెల్ ఎల్లీతో ఏమంటాడు? దేవుడు ఆ క్షణాన్ని మళ్ళీ ఇచ్చినా మళ్ళీ అదే చేస్తానంటాడు. ఆ మాట నా మాట. ఆడేవారిని అడిగి రాసి ఉంటే ఆ మాట ఆ ఆటలో ఉండేది కాదు.

పెన్నాతీరం:
ఆ వసారాలో ఎల్లీ చెప్పిన సమాధానాన్ని మీరు వదిలేశారు. నిన్ను ఎప్పటికైనా క్షమించగలనని అనుకోను, కానీ ప్రయత్నించాలని ఉంది అంటుంది. ఆ ప్రయత్నం నిజం తెలిశాక పుట్టింది. అది కూడా జోయెల్ తనంతట తాను చెప్పినందువల్ల కాదు. ఆమె ఒంటరిగా ఆ ఆసుపత్రికి తిరిగి వెళ్ళి, అక్కడిదంతా చూసి, వెంట వచ్చిన అతన్ని నిలదీసి చెప్పించుకుంది. చెప్పకుండా దాచిన కాలమంతా వాళ్ళిద్దరి మధ్య ఏముందో గిటారు తీగల కోసం ఇద్దరూ వెతికే ఘట్టంలో ఆమె ముఖం చూస్తే తెలుస్తుంది.

ఒంగోలు గిత్త:
ఎల్లీకి అప్పటికి పంతొమ్మిదేళ్ళు. ముందు బతుకంతా ఉంది, కోపం తెచ్చుకోవడానికీ తగ్గించుకోవడానికీ సమయం ఉంది. మా నాన్నకు ఉన్నవి నెలలు. నెలలు మాత్రమే ఉన్న మనిషి నిజంతో ఏం చేసుకుంటాడు?

పెన్నాతీరం:
ఆర్థర్‌కు ఉన్నదీ అంతే. దానితో ఏం చేసుకున్నాడో ఆరవ అధ్యాయమంతా చూపించారు. బాకీలు వదిలేశాడు, జాన్ మార్‌స్టన్‌ను పెళ్ళాం బిడ్డలతో ముఠా నుంచి బయటపడమని పంపాడు. మంచి పనులు చేసి ఆర్థర్‌కు మంచి పేరు తెచ్చేలా ఆడినవారికి రైలు స్టేషనులో ఒక సన్యాసిని పక్కన కూర్చుని, నాకు భయంగా ఉంది అని నోరు తెరిచి చెప్పుకునే ఘట్టం కూడా దొరుకుతుంది. మా అమ్మ పొదలకూరు వెళ్ళేది. అంతకన్నా పెద్ద పని ఆమె చేయవలసింది ఏదీ లేదు.

కావలి స్టేషన్:
అక్కా, ఆ స్టేషను ఘట్టం నాకు రాలేదు. నేను చెడ్డ పేరుతో ఆడాను. మొదటి నుంచి మళ్ళీ ఆడవలసిందేనా?

ఒంగోలు గిత్త:
కావలి స్టేషన్ గారూ, ఆరవ అధ్యాయానికి ముందు దాచుకున్న సేవ్ ఉంటే అక్కడి నుంచి పేరు పెంచుకుంటూ ఆడి చూడండి. పెన్నాతీరం గారూ, మీ మేనమామ మిమ్మల్ని వంటింట్లోకి పంపడాన్ని నేను సమర్థించను. కూతురిగా ఆ మాటలో మీకూ వాటా ఉంది. నేను మా నాన్నకు చేసినదాని విషయంలో మాత్రం నా మాట మారదు, జోయెల్ విషయంలోనూ మారదు. రెండవ భాగంలో సగం ఆట ఆబీగా ఆడించడం సబబా కాదా అన్నదానికి వేరే చర్చ మొదలుపెడుతున్నాను. మీరు అక్కడికి కూడా రావాలి. ఆబీ విషయంలో మీరు ఎటువైపు ఉంటారో నాకు తెలియడం లేదు.