ప్రాణం కాపాడుకోడానికి పటం తొక్కినవాళ్ళు విశ్వాసం వదిలేసినట్టేనా?

గ్రీమ్స్‌పేట టీచర్ (చిత్తూరు):
నేను మా చర్చిలో సండే స్కూల్ చెబుతాను. పోయిన వారం పిల్లలకి జపాన్ క్రైస్తవుల సంగతి చెప్పాను. 1614లో అక్కడి షోగున్ (సైనిక పాలకుడి) ప్రభుత్వం దేశమంతా క్రైస్తవాన్ని నిషేధించింది. తర్వాత్తర్వాత నాగసాకి ప్రాంతంలో ఏటా కొత్త సంవత్సరం రాగానే అధికారులు జనాన్ని పిలిపించి, ఏసు బొమ్మో మరియమ్మ బొమ్మో ఉన్న పలకను నేల మీద పెట్టి తొక్కమనేవాళ్ళు. తొక్కనివాళ్ళు క్రైస్తవులని లెక్క. పట్టుబడ్డవాళ్ళని గోతిలోకి తలకిందులుగా వేలాడదీసేవాళ్ళు. తొందరగా చావకుండా చెవి దగ్గర చిన్న గాటు పెట్టి రక్తం కారనిచ్చేవాళ్ళు (ఇది పిల్లలకి చెప్పలేదు). ఆ హింస తట్టుకోలేక 1633లో ఫెరేరా అనే పెద్ద ఫాదరే విశ్వాసం వదిలేశాడు.

ఐదో తరగతి పాప ఒకతి లేచి, "మిస్, మా తమ్ముణ్ణి చంపుతామంటే నేను తొక్కేస్తాను. ఏసయ్య నా మీద కోపపడతాడా?" అని అడిగింది. తొక్కితే నరకమే అని మిగతా పిల్లలు దాని మీద పడ్డారు. పాప ఏడ్చేసింది.

మనుషుల ముందు నన్ను ఎరుగనన్నవాణ్ణి తండ్రి ముందు నేనూ ఎరుగనంటానని ప్రభువు అన్నట్టు మత్తయి 10లో ఉంది. మూడుసార్లు ఎరుగనన్న పేతురుకే ఆయన తన గొర్రెలను అప్పగించిన సంగతి యోహానులో ఉంది. రెండూ నేను నమ్ముతాను. మీ మీ పెద్దలు దీన్ని ఎలా చెప్పారో అన్ని మతాలవాళ్ళూ రాయండి. పోట్లాట మాత్రం వద్దు, దండం పెడతాను.

రిటైర్డ్ సార్ (మదనపల్లె):
అమ్మా, ఇది మన సంఘానికి కొత్త ప్రశ్న కాదు. క్రీ.శ. 250లో రోమ్ చక్రవర్తి డేసియస్, అందరూ దేవతలకు బలి ఇచ్చి సర్టిఫికెట్ తీసుకోవాలన్నాడు. ఆ పపైరస్ కాగితాలు ఈజిప్టులో దొరికాయి. కొందరు బలి ఇచ్చారు, కొందరు లంచమిచ్చి కాగితం కొనుక్కున్నారు, కొందరు జైలుకెళ్ళి చచ్చిపోయారు. హింస తగ్గాక, అలా విశ్వాసంలో పడిపోయినవాళ్ళు మళ్ళీ సంఘంలోకి వస్తామంటే ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో పెద్ద గొడవైంది. బిషప్ సిప్రియన్ 251లో సభ పెట్టించాడు. తలుపు మూయలేదు, అలాగని వెంటనే తీయనూ లేదు. ముందు పశ్చాత్తాపం, ఆ తర్వాతే ప్రభు భోజన సంస్కారం. 250లో దాక్కున్న సిప్రియన్ 258లో తల ఇచ్చాడు.

క్షమాపణ ఉందని పాపకి చెప్పండి. కానీ తొక్కినా పర్లేదని మాత్రం చెప్పొద్దు. తొక్కకుండా చచ్చిపోయినవాళ్ళు అప్పుడు పిచ్చివాళ్ళైపోతారు.

పలమనేరు అబ్బాయి:
అక్కా, మా నానీ (అమ్మమ్మ) చెప్పిన సంగతి ఇది. మక్కాలో తొలినాళ్ళలో యాసిర్ కుటుంబాన్ని చాలా హింసించారు. తల్లి సుమయ్యా నోరు మార్చలేదు, చంపేశారు. ఇస్లాంలో మొదటి షహీద్ (విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన మనిషి) ఆమే. కొడుకు అమ్మార్ మాత్రం బాధ ఓర్వలేక వాళ్ళు అనమన్న మాట అనేశాడు. తర్వాత ఏడుస్తూ ప్రవక్త దగ్గరికి వెళ్ళాడు. "నీ మనసు ఎలా ఉంది?" అని ఆయన అడిగారు. విశ్వాసం మీదే గట్టిగా ఉందన్నాడు. "వాళ్ళు మళ్ళీ అలా చేస్తే నువ్వూ మళ్ళీ అలాగే అను" అన్నారు. ఖురాన్ 16:106 ఈ సందర్భానిదేనని అంటారు. తల్లీ కొడుకుల్లో ఎవరు గొప్ప అని అడిగితే నానీ నన్ను కసురుకునేది.

కొండకింద వాసి (తిరుపతి):
మేడమ్, మాది గోవిందరాజస్వామి గుడి దగ్గరే. తాతగారు సాయంత్రాలు గురుపరంపర చెప్పేవారు. శివుణ్ణి మించిన దైవం లేదని సంతకం పెట్టమని చోళరాజు శ్రీరంగానికి, రామానుజుల కోసం మనుషుల్ని పంపాడు. శిష్యుడు కూరేశులు గురువుగారి కాషాయం తాను కట్టుకుని, రామానుజుల గురువుల్లో ఒకరైన ముసలి పెరియ నంబిగారితో రాజసభకి వెళ్ళారు. రామానుజులు తెల్లబట్టలతో తప్పించుకుని చివరికి కర్ణాటకలోని మేలుకోట చేరారు. సన్యాసికి కాషాయం తీసేయడం చిన్న విషయం కాదు. కూరేశులు సంతకం పెట్టలేదు, కళ్ళు పోగొట్టుకున్నారు. పెరియ నంబిగారు దారిలోనే పోయారు.

గురువు వెళ్ళిపోవచ్చా అని నేను అడిగితే, తాతగారు గుడివైపు చెయ్యి చూపించారు. చిదంబరంలో పెకలించేసిన గోవిందరాజుకి 1130లో ఇక్కడ చోటు చూపించింది రామానుజులేనని మావాళ్ళ నమ్మకం. మా ఇంట్లో గురువుకీ శిష్యుడికీ ఒకే దండం.

గ్రీమ్స్‌పేట టీచర్:
అందరికీ వందనాలు. తమ్ముడూ, సుమయ్యా అమ్మార్‌ల సంగతి మా పిల్లలకి తప్పకుండా చెబుతాను.

సార్, చచ్చిపోయినవాళ్ళని తక్కువ చేయకూడదన్న మీ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ తొక్కినవాళ్ళు ఇంటికెళ్ళి ఏం చేశారో కూడా చూడండి. తలుపులేసుకుని పశ్చాత్తాప ప్రార్థన చేసుకున్నారు. బౌద్ధుల కరుణామూర్తి కన్నోన్ బొమ్మలో మరియమ్మని చూసుకుని మొక్కారు. ఫాదర్ లేకుండానే పిల్లలకి వాళ్ళే బాప్తిస్మం ఇచ్చుకున్నారు. రెండు వందల ఏళ్ళకు పైగా ఇలాగే గడిచింది. 1865లో నాగసాకిలో ఫ్రెంచి ఫాదర్లు కొత్తగా చర్చి కట్టగానే, ఉరకామి పల్లెవాళ్ళు కొందరు లోపలికొచ్చి మాదీ మీ విశ్వాసమేనని మెల్లగా చెప్పారు. ఆ సంగతి బయటపడ్డాక 1868 నుంచి ఆ పల్లెవాళ్ళని 3,400 మంది దాకా దూరప్రాంతాలకి తరిమేశారు. 600 మందికి పైగా అక్కడే చనిపోయారు. కొందరు హింసకి లొంగారు, చాలామంది లొంగలేదు. 1873లో నిషేధం ఎత్తేశాకే మిగిలినవాళ్ళు ఊరికి తిరిగొచ్చారు. వీళ్ళంతా ఏటా ఆ పలక తొక్కిన ఇళ్ళవాళ్ళే సార్.