కొండ ఊళ్లకు ‘ఏజెన్సీ’ అన్న పేరు ఎక్కడిది?

ప్రశ్న: పాడేరు, రంపచోడవరం, భద్రాచలం వైపు పల్లెలను పేపర్లు ‘ఏజెన్సీ గ్రామాలు’ అంటాయి. గ్యాస్ ఏజెన్సీ మాట కొండలకెలా వచ్చింది? బదులు ‘మాన్యం’ అని రాయొచ్చా?

జవాబు: ఇక్కడ ఏజెంటు అంటే బ్రిటిష్ కాలంలో మద్రాసు గవర్నరు తరఫున పాలించిన కలెక్టరు. పర్లాకిమిడి, విశాఖ వైపు 1830ల పితూరీలను (తిరుగుబాట్లను) అణచడానికి వచ్చిన కమిషనరు రస్సెల్ సలహా మీద 1839లో 24వ చట్టం చేశారు. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలకు దాంతో మామూలు కోర్టులు, రెవెన్యూ నిబంధనలు వర్తించకుండా పోయాయి. సివిల్, క్రిమినల్ తగవులూ శిస్తు వసూలూ ‘గవర్నరు ఏజెంటు’ హోదాలో కలెక్టరు చేతికి వెళ్లాయి. ఆయన ఏలుబడిలోని నేల ఏజెన్సీ అయింది. శిస్తు పట్టేవాడే తీర్పరి కూడా. గిరిజనుల రక్షణ కోసం పుట్టిన పేరని చాలామంది రాస్తారు, అది తప్పు. పుట్టింది అదుపు కోసం.

ఇంకో జవాబు: ‘మాన్యం’ మాత్రం వద్దు. అది శిస్తు లేకుండా ఇచ్చిన భూమి: దేవుడి మాన్యం, కరణం మాన్యం. కొండసీమ ‘మన్యం’, పాత రూపం మన్నెం. పార్వతీపురం మన్యం జిల్లా పేరులో దీర్ఘం పెట్టేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తున్నారు.

ప్రశ్న: మరి భూమి హక్కులు ఎప్పుడు వచ్చాయి?

జవాబు: మద్రాసు 1917 నాటి 1వ చట్టంతో. దాని కింద కొండజాతి మనిషి భూమిని ఇతరులకు బదలాయిస్తే చెల్లేది కాదు, ఏజెంటో నిర్ణీత అధికారో ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప. అప్పు మీద వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదని, చక్రవడ్డీ కూడదని కూడా అందులో ఉండేది. ‘కొండజాతి’ ఎవరో ప్రభుత్వమే నోటిఫై చేసేది, అదీ ఏజెన్సీలో కాపురమున్నవాళ్లనే. అంటే మనిషి గుర్తింపును కూడా నేలకే కట్టేశారు. ఆ ముడి ఇప్పటికీ పూర్తిగా విడలేదు: ఎస్టీ కుటుంబానికి మైదానంలో ఉన్న పొలానికి ఈ రక్షణ దొరకదు.

ఈ చట్టంలో పెద్ద బొక్క ఒకటుండేది. గిరిజనేతరుడు గిరిజనేతరుడికి అమ్మితే అడ్డు ఉండేది కాదు. ఒకసారి చేయి మారిన భూమి అలాగే తిరిగేది.

జవాబు: ఆ బొక్క పూడ్చిందే జనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనేది. ఖచ్చితంగా చెప్పాలంటే, షెడ్యూల్డ్ ప్రాంతాల (రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ప్రకటించిన గిరిజన ప్రాంతాల) భూ బదలాయింపుపై 1959లో చేసిన 1వ రెగ్యులేషన్‌కు 1970లో వచ్చిన సవరణ. దీంతో అక్కడి భూమిని ఎవరు బదలాయించినా గిరిజనేతరుడికి చెందడం నిషేధమైంది. అమ్మకమే కాదు, కౌలు, తాకట్టు, దానం, మార్పిడి, బినామీ, అన్నీ దీని కింద బదలాయింపే. కాబట్టి ‘కౌలుకే కదా ఇచ్చాం’ అన్న వాదన నిలవదు. గిరిజనేతరుడి చేతిలోని భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే మొదట భావిస్తారు. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. విచారించేది సాధారణంగా స్పెషల్ డిప్యూటీ కలెక్టరు.

కేసులో ముందు చూడాల్సింది కాగితం మీది తేదీ. సవరణ అమల్లోకి వచ్చింది 1970 ఫిబ్రవరి 3న. ఇద్దరు గిరిజనేతరుల మధ్య అంతకుముందు జరిగిన అమ్మకానికి ఈ నిషేధం వెనక్కి వర్తించదని సుప్రీంకోర్టు తేల్చింది. పాత తేదీ వేసిన స్టాంపు కాగితాలు బయటికొచ్చేది అందుకే.

ప్రశ్న: ఆదిలాబాద్‌కూ ఇదేనా?

జవాబు: అది నిజాం రాజ్యంలో ఉండేది, మద్రాసు ఏజెంటుతో సంబంధం లేదు. 1959 రెగ్యులేషన్‌ను తెలంగాణ షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించింది 1963లో. చట్టం గురించి రాసేటప్పుడు అక్కడ ‘షెడ్యూల్డ్ ప్రాంతం’ అంటేనే సరి.