పిల్లల గాయాల లెక్కలో పుత్తూరు కట్టుకు గడి ఉండాలా?

తిరుపతి, విశ్రాంత ఉపాధ్యాయుడు:

మా వీధిలో ఏడేళ్ల పిల్లవాడు మొన్నటి వేసవిలో మామిడిచెట్టు మీది నుంచి పడి ముంజేయి విరగ్గొట్టుకున్నాడు. ఇంట్లోవాళ్లు ఆసుపత్రి మాట తలపెట్టకుండా ఆ మధ్యాహ్నమే పుత్తూరు బస్సెక్కి, ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కట్టు వేయించుకుని చీకటి పడేలోగా తిరిగి వచ్చారు. చెయ్యి చక్కగానే అతికింది. అయితే ఆ పిల్లవాడు పడినట్టు ఏ ప్రభుత్వ పుస్తకంలోనూ లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2008లో వెలువరించిన నివేదిక, అనుకోని గాయాలతో ఏటా సుమారు 8,30,000 మంది పిల్లలు చనిపోతున్నారని అంచనా వేసింది. ప్రాణం పోకుండా బయటపడిన పిల్లల లెక్క మాత్రం ఆసుపత్రి గడప తొక్కినవారితోనే మొదలవుతుంది. మన ప్రాంతంలో విరిగిన చేతులు ఆ గడప దాకా రానప్పుడు, పిల్లల గాయాల రిజిస్టరు పెట్టే రోజున కట్టు వేసేవారిని కూడా అందులో చేర్చాలా, వద్దా?

చిత్తూరు, ఎముకల వైద్యుడు:

మాస్టారు గారి ఉద్దేశం మంచిదే గానీ నేను ఒప్పుకోలేను. ప్రభుత్వ రిజిస్టరులో గడి ఇవ్వడమంటే ఆ పద్ధతికి ముద్ర వేసి ఇవ్వడమే. ఎదిగే వయసులో ముంజేయి ఎముక కొద్దిపాటి వంకరతో అతికినా కాలక్రమంలో చాలావరకు తనంతట తానే సర్దుకుంటుంది, పేరు మాత్రం కట్టుకు వస్తుంది.

మోచేతికి కాస్త పైన విరిగితే సంగతి వేరు. అయిదు నుంచి ఏడేళ్ల పిల్లలు చెయ్యి చాచి పడినప్పుడు తరచుగా విరిగేది అక్కడే, చేతికి రక్తం తీసుకువెళ్లే ధమనీ నరాలూ ఆ ఎముకను ఆనుకునే ఉంటాయి. మొదటి ఒకటి రెండు రోజులు వాపు పెరుగుతూ పోతుంది, బిగించిన కట్టు సాగదు. లోపలి ఒత్తిడికి రక్తం అందక కొన్ని గంటలలోనే కండ చచ్చిపోవడం మొదలై, చివరకు వేళ్లు ముడుచుకుపోయి మళ్లీ విప్పుకోవు. మణికట్టు దగ్గర నాడి చూడకుండా, ఎక్స్‌రే తీయించకుండా వేసిన కట్టును లెక్కలో చేర్చి ఏం సాధిస్తాం?

పలమనేరు ప్రాంతం, ఏఎన్ఎం:

డాక్టరు గారూ, మాస్టారు గారూ, ఇద్దరూ రిజిస్టరు గురించే మాట్లాడుతున్నారు, అది రాసేది ఎవరని మాత్రం అడగలేదు. టీకాలు, గర్భిణులు, బీపీ, షుగరు, ఇవన్నీ ఇప్పటికే మా ఫోన్లలో ఉన్నాయి. ఇంకొక పుస్తకం ఇస్తే నెలాఖరున ఒకేసారి కూర్చుని అన్ని గళ్లూ నింపేస్తాం, ఇది నేను సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను.

మరొక మాట. పంటకుంటలో మునిగిపోయిన బిడ్డ ఆసుపత్రికీ రాదు, కట్టు వేసేవారి దగ్గరికీ పోదు. పోలీసులకు చెబితే పోస్టుమార్టం, చెప్పకపోతే పొలం గట్టున సమాధి. ఆ బిడ్డను లెక్కించగలిగింది ఊరిలోని ఆశా ఒక్కరే. కట్టు గురించి ఇంత వాదన జరుగుతున్నప్పుడు కుంట చుట్టూ కంచె గురించి ఎవరూ ఎత్తకపోవడం నాకు కష్టంగా ఉంది.

తిరుపతి, ఆసుపత్రి రికార్డుల విభాగంలో పనిచేసినవారు:

కట్టు వేసేవారిని తప్పుపట్టే ముందు మన ఇంటి పుస్తకం చూసుకోవాలి. జబ్బులకూ గాయాలకూ గుర్తు సంఖ్యలు ఇచ్చే అంతర్జాతీయ పట్టిక ఐసీడీ-10లో ఎస్42.4 అంటే దండచేయి ఎముక కింది కొస విరిగిందని, డబ్ల్యూ14 అంటే చెట్టు మీది నుంచి పడటమని అర్థం. నేను చూసిన కేసు షీట్లలో మొదటిది దాదాపు ఎప్పుడూ ఉండేది, రెండవది అరుదు. ఏ ఎముక విరిగిందో తెలిస్తే వైద్యం చేయవచ్చు, ఎలా పడ్డాడో తెలియకపోతే రేపు పడబోయే పిల్లవాడిని ఆపలేము. చిత్తూరు నుంచి రాయవేలూరు వెళ్లినవారి కాగితాలు తమిళనాడులోనే ఉండిపోతాయి, అది వేరే తలనొప్పి.

ఏఎన్ఎం గారి మీద ఇంకో బరువు పెట్టకుండా, కట్టు వేసేచోటే నాలుగు మాటల చీటీ చాలు: వయసు, ఊరు, ఎక్కడ పడ్డాడు, ఎలా పడ్డాడు. ఫలితం గురించి అందులో ఏమీ ఉండదు గనుక ముద్ర వేసినట్టూ కాదు. పైగా డాక్టరు గారు చెప్పిన ఆ ముడుచుకుపోయే చేతిని జర్మన్ శస్త్రవైద్యుడు వోక్‌మన్ 1881లోనే వర్ణించారు. బిగించినది ప్లాస్టరైనా వెదురు బద్దలైనా కండకు తేడా తెలియదు.

చిత్తూరు, ఎముకల వైద్యుడు:

ఆ చివరి మాట నిజం, ప్లాస్టరు వేసిన ప్రతి పిల్లవాడినీ మేము మర్నాడు మళ్లీ రమ్మనేది అందుకే. ఒక షరతు మీద చీటీకి ఒప్పుకుంటాను. దాని వెనుక పెద్ద అక్షరాలతో రాయాలి: నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, వేళ్లు చల్లబడినా, రంగు మారినా, తిమ్మిరెక్కినా, వేళ్లు చాపితే పిల్లవాడు కేకపెట్టినా, తెల్లవారేదాకా ఆగకుండా కట్టు విప్పించి ఆసుపత్రికి తీసుకురావాలి. మోచేయి వాచిన పిల్లవాడికి మాత్రం ముందు ఎక్స్‌రే, తరువాతే ఏదైనా. సిస్టర్ గారు చెప్పిన కుంటల సంగతికి నా దగ్గర జవాబు లేదు, అది పంచాయతీ పని.

పలమనేరు ప్రాంతం, ఏఎన్ఎం:

పంచాయతీని అడుగుతాను. చీటీ వెనుక రాసేది తమిళంలో కూడా అచ్చు వేయించండి, పుత్తూరుకు వచ్చేవారిలో తెలుగు చదవలేనివారు చాలామంది ఉంటారు.