ఇసుకలో బాణం ములుకులు పాతి పిల్లలతో తవ్విస్తారట. వెళ్ళాలా, వద్దా?

ఇద్దరుపిల్లలతల్లి: మావాడు నాలుగో తరగతి, ఉత్తర స్పోకేన్‌లో. దగ్గర్లోని ఆదివాసీ తెగల చరిత్ర బళ్ళో చెప్పి తీరాలని వాషింగ్టన్ రాష్ట్రంలో 2015లో చట్టం వచ్చింది కదా. ఈసారి వాళ్ళ టీచరు కాలిస్పెల్ తెగను ఎంచుకుంది. ఆటస్థలంలో ఇసుక పోసి ప్లాస్టిక్ బాణం ములుకులు, పూసలు, కుండ పెంకులు పాతిపెడతారట, పిల్లలు కుంచెలతో తవ్వాలట. సాయానికి తల్లిదండ్రుల్ని రమ్మన్నారు. తెలిసినావిడ ఒకామె "అది తప్పు, వెళ్ళకు" అని ఫోన్ పెట్టేసింది. తప్పేంటి అందులో?

పాతరాయి: తప్పేమీ లేదమ్మా, నిక్షేపంలా వెళ్ళండి. నేను హైదరాబాదులో పురావస్తుశాస్త్రం చదివినవాణ్ణి. పొర మీద పొర ఎలా పడుతుందో, పైది కొత్తది కింది పాతది ఎలా అవుతుందో పుస్తకంలో బొమ్మ చూపిస్తే పిల్లలకి ఎక్కదు. చేతికి మట్టి అంటాలి. ఖమ్మం వైపు రాకాసి గుళ్ళ దగ్గర, అంటే పెద్ద బండలతో కట్టిన పాతకాలపు కట్టడాల దగ్గర, మేం కొలతలు తీస్తుంటే ఊరి పిల్లలంతా టేపు పట్టుకోవడానికి పోటీపడేవాళ్ళు.

రెడ్‌మండ్_రాజు: ముందు మన పిల్లలకి అఆలు వచ్చాయా అని.

శబరిఒడ్డు: కుండ పెంకులా? కాలిస్పెల్ వాళ్ళవి బుట్టలు, చెట్టు బెరడుతో చేసిన పాత్రలు. అదొక్కటి చాలు, ఆ టీచరు ఎవర్నీ అడగలేదని తెలియడానికి. ఆ తెగవాళ్ళు ఉండేది అస్క్‌లో, పెండ్ ఒరేయ్ నది ఒడ్డున. మీ ఇంటి నుంచి గంట ప్రయాణం. బైసన్ అనే అడవిదున్నల మంద ఉంది, భాష నేర్పే కార్యక్రమం ఉంది. ఎయిర్‌వే హైట్స్‌లో మీరంతా బఫే తినొచ్చిన నార్తర్న్ క్వెస్ట్ కాసినో వాళ్ళదే. బతికున్నవాళ్ళని ఇసుకలో పాతిపెట్టి తవ్వితే పిల్లాడికి ఏం అర్థమవుతుంది? "వీళ్ళు ఒకప్పుడు ఉండేవాళ్ళు" అని.

పాతరాయి: పెంకులు తీసేయమని చెబుదాం, సరే. దానికి మొత్తం తవ్వకమే వద్దంటే ఎలా? పురావస్తుశాస్త్రం అంటే చచ్చినవాళ్ళ గురించే అని ఎవరన్నారు మీకు?

శబరిఒడ్డు: బాణం ములుకులో?

పాతరాయి: ములుకులకేం? రాతి ములుకులు అక్కడ దొరుకుతాయి. దొరకవంటారా?

శబరిఒడ్డు: దొరుకుతాయి. సినిమాల్లో కూడా దొరుకుతాయి.

గోంగూరపచ్చడి: ఏంది గీ లొల్లి, ఒక ఇసుక కుప్ప కోసం.

ఉత్తరగాలి: నేను ఆ దారిలోనే పనిచేస్తాను కాబట్టి నాలుగు మాటలు. కాలిస్పెల్ లోయలో పురావస్తు శాస్త్రవేత్తలకి ఎక్కువగా కనబడేది ములుకులు కాదు, కాలి పగిలిన రాళ్ళు. కామస్ అనే నీలం పూల మొక్క దుంపల్ని నేలలో పొయ్యి తీసి ఉడికించేవాళ్ళు. గుంటలో రాళ్ళు ఎర్రగా కాల్చి, వాటి మీద పచ్చి ఆకులు, ఆపైన దుంపలు, మళ్ళీ ఆకులు, చివర మట్టి కప్పి రెండు మూడు రోజులు వదిలేస్తారు. పచ్చిగా తింటే కడుపు అరగని పిండి పదార్థం ఆ వేడికి తియ్యటి చక్కెరగా మారి దుంప నల్లబడుతుంది. ఆ పొయ్యిల్లో ఐదు వేల ఏళ్ళు దాటినవి కూడా ఉన్నాయి. పూలున్నప్పుడే గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తెల్ల పూల విషపు మొక్క దుంప అచ్చం అలాగే ఉంటుంది. పిల్లలకి చెప్పాల్సింది ఇది. ఆ దుంప మీద ఇప్పటికీ వాళ్ళకి మమకారమే.

పాతరాయి: భేష్. అయితే ఇసుకలో కాల్చిన రాళ్ళు పాతిపెడదాం. నేనే పట్టుకొస్తా. తగువు తీరిందా?

శబరిఒడ్డు: తీరలేదు.

పాతరాయి: మరి ఏం కావాలండీ మీకు? ఈ దేశంలో పదేళ్ళుగా చూస్తున్నా. నా డిగ్రీకి ఇక్కడ పైసా విలువ లేదు. ఒక మ్యూజియంలో ఊరికే పనిచేస్తానంటే "మీకు ఈ ప్రాంతపు నేపథ్యం లేదు" అన్నారు. ఇప్పుడు మనవాళ్ళ గుంపులోనే "నీకెందుకు" అంటున్నారు. నేల పొరలకి కులం, తెగ ఉంటాయా?

శబరిఒడ్డు: పొరలకి ఉండవు. అందులో ఉన్న ఎముకలకి ఉంటాయి. 1996లో ఈ రాష్ట్రంలోనే కెన్నెవిక్‌లో దొరికిన వేల ఏళ్ళ నాటి అస్థిపంజరం కోసం ఇక్కడి తెగలు కోర్టుల చుట్టూ తిరిగాయి, మళ్ళీ మట్టిలో కలిపింది 2017లో. మీరు రాకాసి గుళ్ళు అంటున్నవి ఎవరో పెద్దల సమాధులు కావా? టేపు పట్టుకున్న పిల్లల్లో కోయ పిల్లలు ఎంతమందో చూశారా? మాది కూనవరం దగ్గర. బళ్ళో కోయ మాట్లాడితే గోడకి మొహం పెట్టి నిలబెట్టేవారు. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, సవర, ఇలా ఎనిమిది భాషల్లో ప్రాథమిక పుస్తకాలు తెచ్చారు, సంతోషమే. కానీ నేను చదివేనాటికి మా గురించి ఉన్నది సాంఘికశాస్త్రంలో ఒక పేజీ. ఈకలు పెట్టుకున్న బొమ్మ. క్లాసంతా నా వైపు చూసి నవ్వింది.

గోంగూరపచ్చడి: …

రెడ్‌మండ్_రాజు: బాధ అర్థమైంది గానీ, కాలిస్పెల్ మాటలు నేర్చుకుని మన పిల్లలు ఏం చేస్తారు? స్పోకేన్ ఊరు స్పోకేన్ తెగది కూడా కదా, వీళ్ళే ఎందుకు?

ఉత్తరగాలి: రెండు భాషలూ సేలిష్ కుటుంబంలో దగ్గరి బంధువులు, రాజుగారూ. మీవాడు ఫ్లూయెంట్ కావాలని ఎవరూ అనడంలేదు. పక్కింటివాళ్ళ పేరు సరిగ్గా పలకడం మర్యాద, అంతే.

పాతరాయి: శబరిఒడ్డుగారూ, మీ బడిలో జరిగింది దారుణం. దానికీ నా కుంచెకీ ముడిపెట్టకండి. నేను అడిగేది ఒకటే. తెగవాళ్ళు ఒప్పుకునేదాకా పిల్లలకి ఏమీ చెప్పకూడదా? అలాగైతే సగం చరిత్ర ఎవరూ చెప్పరు.

శబరిఒడ్డు: ఇప్పటికి అసలు మాట వచ్చింది. చెప్పొద్దని నేననలేదు. ముందు అడగమన్నాను. 1914లో కాలిస్పెల్ వాళ్ళకి నది పక్కన ఇంత భూమి రాసిచ్చారు, 1950ల్లో బాక్స్ కాన్యన్ ఆనకట్ట కట్టి అందులో కొంత ముంచారు. అప్పుడూ అడగలేదు. పోలవరం ముంపులో మా మండలాన్ని 2014లో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చినప్పుడు మమ్మల్నీ అడగలేదు. ఏం చెప్పాలో వాళ్ళే తేల్చుకుంటారు. "వద్దు" అన్నా అది కూడా జవాబే.

పాతరాయి: "వద్దు" అంటే నేను ఒప్పుకోను. జ్ఞానానికి గుమ్మం దగ్గర కాపలా ఏంటి?

శబరిఒడ్డు: ఇల్లు వాళ్ళది కాబట్టి.

ఇద్దరుపిల్లలతల్లి: ఇద్దరూ కాస్త ఆగండి. టీచరుతో మాట్లాడాను. కుండ పెంకుల సంగతి చెప్పగానే ఆమె మొహం వాడిపోయింది, పాపం, ఆన్‌లైన్‌లో కొన్న కిట్ అట. తెగ భాషా విభాగానికి మెయిల్ పెడుతుందట, జవాబొచ్చేదాకా ఇసుక పని ఆపింది. పాతరాయిగారూ, వాళ్ళు రమ్మంటే అస్క్‌కి వ్యాన్‌లో పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఇంకో పెద్దవాళ్ళు కావాలి. వస్తారా?

పాతరాయి: వస్తాను. అక్కడ కూడా ఇదే అడుగుతాను.

శబరిఒడ్డు: అడగండి. వ్యాన్‌లో నాకూ ఒక సీటు ఉంచండి.

రెడ్‌మండ్_రాజు: ఆదివారం తెలుగు తరగతికి మాత్రం ఎవరూ రారు.