‘గజం’ మాట ఎందుకు చెక్కుచెదరలేదు?

సభ్యులకు నమస్కారం. మెట్రిక్ కొలతలు వచ్చి ఇన్నేళ్లయినా ఇంటి స్థలాన్ని గజాల్లోనే ఎందుకు చెప్పుకుంటున్నామని, ఈ గజానికీ ఏనుగుకూ ఏమైనా సంబంధం ఉందా అని నిన్న ఒక మిత్రులు అడిగారు. ఏనుగుతో సంబంధం లేదు. ఏనుగు అనే అర్థంలో గజం సంస్కృతపదం. కొలతగా వాడే గజం పారసీకంలోని ‘గజ్’ అనే మాట. అక్బరు పాలనలో ‘ఇలాహీ గజ్’ పేరుతో 41 వేళ్ల వెడల్పు ఉన్న కొలత ఒకటి ఉండేది. తరువాత ఇంగ్లీషువారి యార్డుకు మనవాళ్లు ఆ పాత పేరునే వాడడంతో గజమంటే మూడడుగులని స్థిరపడింది.

మొదటి ప్రశ్నకు మరొక సభ్యులు ‘అలవాటు మానుకోలేని మొండితనం’ అని జవాబిచ్చారు. దానితో నేను ఏకీభవించలేను. మన దేశంలో తూనికలు, కొలతల చట్టం 1956లో వచ్చింది. ఆ తరువాత కొద్ది ఏళ్లలోనే అంగళ్లలో శేరు, వీశె, మణుగు కనుమరుగై కిలో నిలిచింది. మా నాయనమ్మ మాత్రం చివరిదాకా బియ్యాన్ని సోలతోనే కొలిచి ఎసట్లో పోసేది. అంచు దగ్గర సొట్టపడిన ఆ ఇత్తడి సోల ఇప్పటికీ మా అటక మీద ఉంది. అయితే అదే నాయనమ్మ కొట్టుకు వెళ్తే కిలోల్లోనే అడిగేది. శేరును అంత తేలికగా వదులుకున్న జనమే గజాన్ని పట్టుకుని ఉన్నారంటే, కారణం జనం స్వభావంలో కాక కొలిచే వస్తువులో ఉందనుకోవాలి. శేరు బరువు ఊరికొక తీరుగా ఉండేది కనుక, ఎక్కడైనా ఒకేలా తూగే కిలో వల్ల కొనేవాడికి మేలు జరిగింది. పైగా కొన్న బియ్యం నాలుగు రోజుల్లో వండుకుని తినేసేవి, వాటికి పాత కాగితాలంటూ ఉండవు. భూమి సంగతి అలా కాదు.

నా ఎదుట ఒక ఇంటి స్థలం దస్తావేజు ఉంది. నాలుగు దిక్కుల హద్దులూ చెప్పిన తరువాత, ‘ఈ మధ్యన గల 242 చదరపు గజాలు, అనగా 202.34 చదరపు మీటర్లు’ అని రాశారు. మొదటి అంకె చూడగానే ఆంధ్రప్రదేశ్‌లో వారికి అది అయిదు సెంట్లని, తెలంగాణలో వారికి రెండు గుంటలని తెలిసిపోతుంది, ఎందుకంటే సెంటు 48.4 చదరపు గజాలు, గుంట 121 చదరపు గజాలు. రెండవ అంకెతో ఎవరికీ ఏ ఊహా కలగదు. దాన్ని చట్టం కోసం రాశారు; బేరం జరిగింది, ధర కుదిరింది, పొరుగువారి హద్దుతో సరిపోల్చుకున్నది అంతా మొదటి అంకెతోనే. ఆ స్థలం తాతది, తండ్రిది అని చెప్పే పాత పత్రాలన్నీ ఆ కొలతలోనే ఉన్నప్పుడు, కొత్త పత్రం ఒక్కటే వేరే లెక్కలో మాట్లాడితే వారసులకు చిక్కే.

ఆ పాత లెక్కలో కూడా చిక్కు లేకపోలేదు. తెలంగాణలో 1-20 అని రాస్తే ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర. ఆంధ్రలో 1.20 అంటే ఎకరం ఇరవై సెంట్లు. మధ్యనున్న గీతనూ చుక్కనూ గమనించక తికమకపడితే ముప్పై సెంట్ల తేడా వస్తుంది.

అమెరికా మెట్రిక్ కొలతలకు పూర్తిగా మారకపోవడానికీ కారణం ఇలాంటిదే. అక్కడి 1785 నాటి భూచట్టం పడమటి భూములను ఆరు మైళ్ల చదరాలుగా, వాటిలో ఒక్కొక్కదాన్ని 640 ఎకరాల 36 ముక్కలుగా కోయించింది. ఫ్రాన్సులో మీటరు చట్టమైంది 1795లో, అంటే ఆ తరువాత పదేళ్లకు. అలా భూమిని కోసిన గీతల వెంబడే పొలాల గట్లు, రోడ్లు, కౌంటీల సరిహద్దులు ఏర్పడ్డాయి. దేశమంతటా ఒకే గజం, ఒకే పౌను చెల్లుతున్నాయి కనుక, మన శేరు విషయంలో కలిగినటువంటి మేలేదీ కొలతలు మార్చడం వల్ల అక్కడివారికి కనబడలేదు. 1975లో చేసిన మెట్రిక్ చట్టం కూడా ఇష్టమైతే మారమన్నదే కానీ గడువు పెట్టలేదు; దాని కోసం నియమించిన బోర్డును 1982లో రద్దు చేశారు. బ్రిటన్‌లో పెట్రోలు లీటర్లలో పోస్తున్నా, రోడ్డు పక్కన దూరం మైళ్లలోనే రాస్తున్నారు.

భాషాభిమానిగా నాకు ఇంకొక సంగతి ముఖ్యంగా తోస్తుంది. కొన్ని మాటలు పైకి నిలిచే ఉంటాయి కానీ వాటి లోపలి కొలత మారిపోతుంది. తులం ఒకప్పుడు 11.66 గ్రాములు, ఇప్పుడు తులం బంగారమంటే పది గ్రాములనే ఎక్కువమంది లెక్క. గజమూ అంతే: 1959 నుంచి యార్డు అంటే సరిగ్గా 0.9144 మీటర్లని ఇంగ్లీషు మాట్లాడే దేశాలే ఒప్పుకున్నాయి. చీరను ఆరు గజాలని, దాని మీదికి జాకెట్టు గుడ్డను మీటరని ఒకే అంగట్లో ఒకే నోట అడుగుతున్నామంటే, ఆ రెండు మాటల్లో దేని చోట అది కుదురుకుందన్నమాట.

ఇక ‘గజం ఇరవై వేలు’ అనడం తప్పా అన్న ప్రశ్న. పొడవును చెప్పే మాటతో వైశాల్యాన్ని చెప్పడం వాడుకలో దోషం కాదు, వినేవారెవరూ పొరబడరు. కానీ పత్రంలోనో పత్రికలోనో రాసేటప్పుడు ‘చదరపు గజం’ అనే రాయాలి. నిఘంటువుల్లో గజానికి మూడడుగుల పొడవు అనే అర్థం పక్కన, స్థలాల వాడుకలో తొమ్మిది చదరపు అడుగులు అనే అర్థాన్ని కూడా చేర్చాలని నా మనవి.