వెట్ మౌంట్‌లో (స్రావాన్ని సెలైన్‌లో తడిగా చూసే స్లైడ్) ట్రైకోమోనాస్ (యోని ఇన్ఫెక్షన్ తెచ్చే ఏకకణ పరాన్నజీవి) ఒక్కటీ దొరకడం లేదు, తప్పెక్కడ?

పీహెచ్‌సీ_ల్యాబ్:
తెల్లబట్ట అని వచ్చేవాళ్ల స్వాబ్‌లు ఓపీ అయ్యాక అన్నీ కలిపి పంపుతారు. మధ్యాహ్నం చూస్తాం. చీము కణాలు బోలెడు ఉంటున్నాయి, ట్రైకోమోనాస్ మాత్రం లేదు. పసుపు నురగ స్రావం ఉన్న కేసుల్లోనూ ఇంతే. స్టెయిన్ (స్లైడ్‌కు వేసే రంగు) మార్చాలా?

మైక్రో_స్లైడ్:
స్టెయిన్ కాదండి, ఆలస్యం. ట్రైకోమోనాస్‌ను పట్టించేది దాని కదలికే. ఆ కుదుపుల కదలిక ఆగిందంటే చీము కణాల్లో కలిసిపోతుంది. స్వాబ్‌ను అర మి.లీ. నార్మల్ సెలైన్‌లో ముంచి, 10 నిమిషాల్లోపు చూడండి. గంట దాటితే దొరకడం కష్టమే. ఫ్రిజ్‌లో అసలు పెట్టొద్దు, చలికి కదలడం మానేస్తుంది. మైక్రోస్కోప్ కండెన్సర్ (కాంతిని కేంద్రీకరించే భాగం) దించి 10ఎక్స్‌లో వెతికి, 40ఎక్స్‌లో ఖాయం చేసుకోండి. తాజా శాంపిల్‌లోనూ చాలా కేసులు తప్పిపోతాయి కాబట్టి రిపోర్టులో "లేదు" అని కాక "కనబడలేదు" అని రాయడం మేలు.

గైనిక్_ఓపీ:
చీము కణాలు అన్ని ఉన్నాయంటే దాన్ని వదిలేయకూడదు. బాక్టీరియల్ వజైనోసిస్‌లో (యోనిలో బ్యాక్టీరియా సమతుల్యం దెబ్బతినడం) గార్డ్‌నెరెల్లా వంటి బ్యాక్టీరియా పెరుగుతాయి, క్లూ సెల్స్ (బ్యాక్టీరియా అంటుకున్న యోని కణాలు) కనిపిస్తాయి, చీము కణాలు మాత్రం తక్కువే. ఎక్కువుంటే ట్రైకోమోనాస్, లేదా గర్భాశయ ముఖద్వారంలో గనేరియా, క్లమీడియా (సుఖవ్యాధులు) ఉన్నాయేమో చూడాలి.

పీహెచ్ (ఆమ్లత కొలత) కూడా చూడమని చెప్పండి. యోని పక్క గోడ నుంచే తీయాలి. ముఖద్వారం జిగురు, నెలసరి రక్తం, వీర్యం తగిలితే పీహెచ్ ఉత్తినే పెరుగుతుంది. 4.5 దాటితే వజైనోసిస్ లేదా ట్రైకోమోనాస్ అనుమానించాలి. కాండిడా (ఫంగస్) ఇన్ఫెక్షన్‌లో మామూలుగా 4.5 దాటదు.

పీహెచ్‌సీ_ల్యాబ్:
థాంక్సండి. ఇంకొకటి: కొందరికి ఫ్లూకొనజోల్ (ఫంగస్ మందు) 150 మి.గ్రా. ఇచ్చినా దురద తగ్గట్లేదు. 10 శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) వేసిన స్లైడ్‌లో చిన్న ఈస్ట్ మొగ్గలే ఉన్నాయి, తీగలు లేవు.

మైక్రో_స్లైడ్:
అయితే కాండిడా గ్లాబ్రాటా కావచ్చు. అది తీగలు వేయదు, ఫ్లూకొనజోల్‌కు సరిగా లొంగదు. సాబొరాడ్ (ఫంగస్‌ను పెంచే మాధ్యమం) మీద కల్చర్ పెట్టించి జాతి తేల్చాకే మందు మార్చాలి. షుగర్ కూడా చూడండి.

గైనిక్_ఓపీ:
సురక్ష క్లినిక్ (ప్రభుత్వ సుఖవ్యాధుల క్లినిక్) ఇచ్చే గ్రీన్ కిట్‌లో సెక్నిడజోల్ (ట్రైకోమోనాస్, వజైనోసిస్‌లకు మందు) 2 గ్రాములు, ఫ్లూకొనజోల్ 150 మి.గ్రా. ఉంటాయి. గర్భిణికి మాత్రం ఆ ఫ్లూకొనజోల్ మాత్ర వద్దు, క్లోట్రిమజోల్ పైపూతగా 7 రోజులు వాడాలి. ట్రైకోమోనాస్ తేలితే భర్తకూ అదే సమయంలో మందు పడాలి. అతనికి లక్షణాలేవీ లేకపోయినా సరే. లేదంటే ఆవిడకు మళ్లీ అంటుకుంటుంది.